కణంలో అతుకులు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఇంజినీరు బయాలజీ గురించి మాట్లాడతానంటే కమిటీ వాళ్లు నవ్వారు. టెన్త్‌లో నేను గీసిన కణవిభజన బొమ్మ చూసి మాస్టారు కూడా "ఇదేం వడియంరా?" అని నవ్వారు లెండి. నా ఉద్యోగం పైపుల వెల్డింగ్ పరీక్ష. ఇరిడియం-192 గామా కిరణాలతో ఫిల్ము తీసి, అతుకులో పగులుందో లేదో చెప్పాలి. జేబుకి బ్యాడ్జి లేకపోతే మా కుర్రాళ్లని సైటులో అడుగుపెట్టనివ్వను. రేడియేషన్ గురించి నాకు తెలియనిది లేదనుకునేవాణ్ణి.

మా అక్కదీ ఈ బడే, నాకంటే రెండేళ్లు సీనియర్. తననడిగే ఈ సంగతి చెబుతున్నాను. మేనమామ కొడుకునే చేసుకుంది. వాళ్లబ్బాయి నడక నేర్చినప్పటి నుంచీ తూలేవాడు. ఐదేళ్లకి కళ్లలో సన్నటి ఎర్ర నరాలు కనిపించాయి. ఎప్పుడూ జలుబు, దగ్గు. తొమ్మిదో ఏట మెడలో గడ్డ లేచింది. లింఫోమా అన్నారు. మందులతోపాటు రేడియేషన్ కూడా ఇవ్వాలన్నారు. అక్క భయపడితే నచ్చజెప్పింది నేనే. "కొలిచి ఇస్తారక్కా, ఏం కాదు" అన్నాను.

మొదలుపెట్టే ముందు రోజు ఒక చిన్న డాక్టరమ్మ వచ్చింది. వాడి కళ్లు చూసింది, నడిపించి చూసింది, "మేనరికమా?" అనడిగింది. రక్తంలో ఆల్ఫా ఫీటో ప్రోటీన్ పరీక్ష రాసింది. చాలా ఎక్కువుంది. రేడియేషన్ ఆపించింది. జబ్బు పేరు అటాక్సియా టెలాంజియెక్టేసియా.

అప్పుడు కూర్చుని చదివాను. ఒక గ్రే రేడియేషన్ పడితే ఒక్కో కణంలో డీఎన్ఏ రెండు పోగులూ కలిసి తెగే చోట్లు సుమారు 40. మామూలు కణం చాలావాటిని కొన్ని గంటల్లోనే అతికేసుకుంటుంది. పగులు కనిపిస్తే నేను పని ఆపించినట్టే, అక్కడ ఏటీఎం అనే ప్రోటీన్ (డబ్బులిచ్చేది కాదు!) విభజన ఆపించి, మరమ్మతుకి కబురు పెడుతుంది. ఈ పిల్లల్లో ఆ ఏటీఎం పనిచేయదు. తెగిన డీఎన్ఏతోనే కణం విభజనకి దిగుతుంది. 1960లలో, సంగతి తెలియక, ఇలాంటి పిల్లలకు మామూలు మోతాదే ఇచ్చారు. ఒళ్లు దారుణంగా దెబ్బతింది. వాళ్ల కణాలు రేడియేషన్‌కి తట్టుకోలేవని 1975లో ప్రయోగశాలలో తేలింది. జన్యువుని 1995లో ఇజ్రాయెల్‌లో యోసెఫ్ షిలో బృందం పట్టుకుంది.

నన్ను బాగా ఆకట్టుకున్నది మాత్రం చిట్టెలుక కణాల కథ. 1980లలో బ్రిటన్‌లో పెన్నీ జెగ్గో చైనా హ్యామ్‌స్టర్ అండాశయ కణాల నుంచి ఎక్స్‌రేకి తట్టుకోలేని మ్యూటెంట్లను ఏరింది. పద్ధతి మా పనిలాంటిదే: ఒకే కణం నుంచి పెరిగిన గుంపుని రెండు భాగాలు చేసి, ఒకదానిమీద ఎక్స్‌రే వేయడం. ఇది చచ్చిపోతే, రెండో భాగంలో అలాంటి కణాలే బతికి ఉంటాయి. లోపమెక్కడో తేలడానికి పదేళ్లు పైనే పట్టింది. వాటిలో లేనిది, తెగిన కొసల్ని పట్టుకునే కూ80 అనే ప్రోటీన్. మావాడిలో కబురు పెట్టేవాడు లేడు, ఈ కణాల్లో కొసలు పట్టుకునేవాడు లేడు. యాంటీబాడీ జన్యువుల్లో కత్తిరించిన కొసల్ని అతికేది కూడా ఈ కూ80 ఉన్న ముఠాయే. అందుకే అతుకు లోపాలున్నచోట తరచూ రోగనిరోధక శక్తీ దెబ్బతింటుంది. మావాడి జలుబు, దగ్గుల వెనకా అలాంటి కథే.

మందుల మోతాదు తగ్గించి వైద్యం చేశారు. మూడేళ్లు బతికాడు. చివరి ఏడాది చక్రాల కుర్చీలో నాతో చదరంగం ఆడేవాడు. నన్ను ఓడించేవాడు కూడా.

అక్కకి, బావకి తాతగారి వైపు నుంచి ఒకే పాడైన జన్యువు చెరొకటి వచ్చింది. ఒక్కటే ఉంటే జబ్బు రాదు. కానీ అలాంటి ఆడవాళ్లకి రొమ్ము క్యాన్సర్ ముప్పు మామూలు కంటే సుమారు రెండింతలు. అక్కని ఏటా పరీక్షకి తీసుకెళ్లే డ్యూటీ నాది. నాకూ ఆ జన్యువు ఉండే అవకాశం సగానికి సగం. పోయిన నెల రక్తం ఇచ్చాను. రిపోర్టు ఇంకా రాలేదు.