అద్దం వెనుక ఒక్క చీర

పండుగ రోజుల్లో బట్టల దుకాణాల షోకేసులు చూస్తుంటాం. థర్మోకోల్ గోపురాలు, ప్లాస్టిక్ పూలు, వెనుక ఓ ఫ్లెక్సీ. పండుగ వెళ్లగానే అదంతా చెత్తకుప్పకు చేరుతుంది. అలంకరణకు వాడే థర్మోకోల్‌ను కేంద్ర ప్రభుత్వం 2022 జూలై 1 నుంచి నిషేధించింది కూడా.

మరి కంటికి ఇంపుగా అమర్చేదెలా? ముందు సరుకు తగ్గించాలి. దారిన పోయేవారి చూపు అద్దం మీద నిలిచేది క్షణకాలమే. ఇరవై చీరలు కుక్కితే ఒక్కటీ కంటికి ఆనదు. ఒక్క పోచంపల్లి చీరను కంటి ఎత్తున, కొంగు పూర్తిగా విప్పి వేలాడదీయండి. చుట్టూ ఖాళీ వదలండి. రంగులు ఒకదానిలోకి ఒకటి ఒదిగే ఆ ఇక్కత్ గీతలే మనిషిని ఆపుతాయి. పక్కన పాత రాట్నం, నాలుగు నూలు కండెలు, అంకుడు కర్రతో చేసిన ఏటికొప్పాక లక్క బొమ్మలు చాలు. వెనుక తెరకు ఈత చాప. ఇవేవీ పారేసేవి కావు, ఏళ్ల తరబడి వాడుకోవచ్చు.

ఇక వెలుగు. 50 వాట్ల హాలోజన్ దీపమిచ్చే వెలుగును ఎల్‌ఈడీ ఏడెనిమిది వాట్లతోనే ఇస్తుంది. దాన్ని ఎదురుగా కాక పక్క నుంచి వాలుగా వేస్తే నేత, జరీ తేలి కనిపిస్తాయి. ఎండ తగిలే అద్దమైతే చీరను తరచూ మార్చండి. ముఖ్యంగా సహజ రంగుల కలంకారీని. రంగు వెలిస్తే ఆ చేతి శ్రమంతా వృథా.

వ్యాపారులకు నా మనవి ఒక్కటే. ఈ దసరాకు అలంకరణ సామాను కొనే ముందు, మీకు చీరలు నేసిచ్చే నేతన్నను షోకేసులో పెట్టడానికి మగ్గం మీది ఒక పాత నాడె అడిగి చూడండి.