పాత ఇంటి కప్పు, అటక: మరమ్మతుకు ముందు ఒక లెక్క



కోస్తా జిల్లాల ఊళ్లలో డెబ్బై ఎనభై ఏళ్లనాటి పెంకుటిళ్లు ఇంకా కనిపిస్తాయి. వాటి మీది పెంకు మంగుళూరు రకం. 1860ల దశకంలో బాసెల్ మిషన్ వారు అక్కడ పెంకుల తయారీ మొదలుపెట్టారు. మనవైపు మాత్రం దాన్ని బెంగుళూరు పెంకు అనే పిలుస్తారు. ఇల్లు కారడం మొదలవగానే ఇంట్లో వచ్చే మాట మీకు తెలిసిందే: "పెంకు దించేసి శ్లాబు వేయిద్దాం, అటక స్థానంలో ఒక గది వస్తుంది." ఆ మాట వచ్చిన రోజున మీరు చేయగల లెక్క ఒకటుంది.

బద్దెలతో కలిపి ఈ పెంకుల కప్పు చదరపు మీటరుకు సుమారు 65 కిలోలు తూగుతుంది. 10 సెంటీమీటర్ల మందం గల కాంక్రీటు శ్లాబు 250 కిలోలు. దాదాపు నాలుగు రెట్లన్నమాట! ఇంత భారమూ గోడల మీదే పడుతుంది. పాత గోడల్లో ఇటుకలను పట్టి ఉంచినది చాలాచోట్ల మట్టి అడుసే. అది తడిస్తే బలం పోతుంది. గోడనూ పునాదినీ ఇంజనీరు పరీక్షించకుండా శ్లాబు తలపెట్టడం ప్రాణాలతో చెలగాటమే.

పోనీ, పెంకు ఉంచి అటకనే చదువుకునే గదిగా మార్చుకుందామా? నివాస గదుల అంతస్తుకు, దాని సొంత బరువు కాక, చదరపు మీటరుకు 200 కిలోల భారం లెక్కించాలని భారతీయ ప్రమాణం చెబుతోంది. అటకను కట్టినది గంపలు, పాత్రలు దాచుకోవడానికి. దూలాలను కొలిచి చూడనిదే దాని మీద మంచం వేయకూడదు.

రేకులు తేలిక కదా అని కొందరంటారు. తుపాను గాలి కప్పు మీదుగా వేగంగా వీచినప్పుడు పైన పీడనం తగ్గి, కప్పు పైకి లేస్తుంది. తేలిక కప్పుకు ఆ ప్రమాదం ఎక్కువ. ఎండాకాలం వేడి సంగతి వేరే చెప్పాలా?

నిజానికి చాలా ఇళ్లకు కావలసిన పని చిన్నదే. మిట్టమధ్యాహ్నం అటక మీదికి ఎక్కి, చీకట్లో పైకి చూడండి. ఎక్కేటప్పుడు నిచ్చెన పట్టుకోవడానికి పెద్దవాళ్లు ఉండాలి, కాలు దూలం మీదే పడాలి. వెలుతురు చుక్కలు కనిపించిన చోట సుద్దముక్కతో గుర్తు పెట్టండి. అయితే నీరు కారిన చోటే లోపం ఉంటుందనుకోకండి. వాసం వెంట జారి, దిగువన ఎక్కడో బొట్టు పడుతుంది. దూలం గోడలో దిగే చోటును స్క్రూడ్రైవరుతో పొడిచి చూడండి. తేలిగ్గా దిగబడితే చెదో, కుళ్లో పట్టినట్లే. చూరు దగ్గర వాసాల కొసలనూ అలాగే చూడాలి.

పాడైన కలప మార్చిన తరువాతే పెంకు తిరగవేయించాలి. ముందు పెంకు సర్ది, తరువాత దూలం మారిస్తే కూలి రెండుసార్లు ఇచ్చుకోవాలి. ఈ పనంతా మృగశిర కార్తె లోపు పూర్తికావాలి కనుక, పరిశీలన ఫిబ్రవరిలోనే మొదలుపెట్టండి.