పాత రథము – యోగక్షేమములు

 

నిన్నటి ప్రవచనానంతరము ఒక యువకుడు నా యొద్దకు వచ్చి, "గురువుగారూ! ఇరువదియేండ్లు దాటిన బెంజి కారొకటి చవుకగా వచ్చుచున్నది. దినమూ ఉద్యోగమునకు పోయి వచ్చుటకు కొనదలచినాను. ఒకరు వాడి విడిచినది మనకెందుకని మా అమ్మగారు వలదనుచున్నారు. తమ అభిప్రాయమేమి?" అని అడిగినాడు.

కార్ల సంగతి ఈయనకేమి తెలియునని మీలో కొందరు నవ్వుచున్నారు. 2012 నుండి మా యింట అట్టి కారే యున్నది. పూణెలో ఆ కార్ల కూర్పు మొదలైనది 1995లో. మాది ఆ మరుసటి సంవత్సరపుది. ఒకప్పుడు ధనవంతుల ముంగిట నిలిచినది, మా పెద్దబ్బాయి చేతికి వచ్చి, నన్ను వేదపాఠశాలకు మోయుచున్నది.

మొదట ఆ తల్లి సందేహము తీర్చెదను. ఖాండవదహన సందర్భమున అర్జునునకు లభించిన రథము క్రొత్తదా? కాదు. విశ్వకర్మ దానిని నిర్మించెను. సోముడు దానినెక్కి దానవులను జయించెను. ఆయన వలన వరుణునకు వచ్చినది. అగ్నిదేవుడు అడుగగా వరుణుడు దానిని అర్జునునకిచ్చెను. రిజిస్ట్రేషను కాగితముల లెక్కలో చూచినచో అర్జునుడు మూడవ యజమాని! భగవంతుడు గీత చెప్పినది ఆ రథము మీదనే. అన్నమునకు చెప్పిన ఉచ్ఛిష్ట దోషమును రథమునకు అంటగట్ట పనిలేదు.

కాని నాయనా, చిక్కు మరియొకచోట నున్నది. లేనిదానిని పొందుట యోగమనియు, పొందినదానిని కాపాడుకొనుట క్షేమమనియు శంకరభగవత్పాదులు గీతాభాష్యమున వివరించిరి. ఇట్టి కారు విషయమున యోగము మిక్కిలి సులభము, క్షేమము మిక్కిలి కష్టము. ఏండ్లు గడచినకొలది కారు వెల పడిపోవును గాని, దాని విడిభాగముల వెల పడిపోదు. కొనునప్పుడు చిన్న కారు వెలకే వచ్చును. చెడినప్పుడు పెద్ద కారువలెనే అడుగును. మా అబ్బాయి కారు కొన్ననాడే, దాని వెలలో సగము సొమ్ము వేరుగా బ్యాంకులో దాచినాడు. నాకది పిసినారితనముగా తోచినది. పొరబడినది నేనే.

2016 వేసవిలో ఒకనాడు రాజమహేంద్రవరము నుండి అమలాపురము సభకు బయలుదేరితిమి. రావులపాలెము దాటిన పిమ్మట అబ్బాయి, "నాన్నగారూ, వేడి చూపు ముల్లు పైకి పోవుచున్నది. ఆపవలెను" అన్నాడు. "జనము కాచుకొనియున్నారు, పోనిమ్ము" అంటిని. వాడు నా మాట కాదనలేదు. కొత్తపేట చేరకమునుపే ఇంజను ఆగిపోయినది. రేడియేటరు నుండి వచ్చు రబ్బరు గొట్టము ఏండ్ల తరబడి వేడికి గట్టిపడి పగిలినదట. నీరంతయు కారిపోయినది. ఆ వేడికి ఇంజను పైభాగపు అల్యూమినియము హెడ్డు వంగినది, గాస్కెట్టు కాలినది. ముల్లు లేచిన చోటనే ఆపియున్నచో ఒక గొట్టముతో పోయెడిది. బ్యాంకులోని సొమ్మంతయు మెకానిక్ షెడ్డుకు పోయినది. దోషము కారుది కాదు, మెకానిక్కుది కాదు, మా అబ్బాయిది అంతకన్న కాదు.

బస్సులో ఆలస్యముగా సభకు చేరితిని. ఆనాటి ఘట్టము సైంధవ వధ. సూర్యాస్తమయములోగా జయద్రథుని చంపెదనని అర్జునుని ప్రతిజ్ఞ. ప్రొద్దు వాలుచున్నది, శత్రుసేన చుట్టుముట్టియున్నది. గుఱ్ఱములు బాణములు తగిలి అలసినవి. అప్పుడు కృష్ణపరమాత్మ "పోనిమ్ము" అనలేదు. యుద్ధభూమి నడుమ గుఱ్ఱములను విప్పెను. అర్జునుడు బాణముతో భూమిని భేదించి జలాశయమును కల్పించెను. స్వామి స్వహస్తములతో ములుకులు పెరికి, ఒడలు నిమిరి, నీరు త్రాపి, మేత పెట్టి, సేద తీరిన పిమ్మటనే మరల కట్టెను. ఎన్నో ఏండ్లుగా నేను చెప్పుచున్న కథయే యిది. ఆనాడు ఆ ఘట్టమునొద్దకు వచ్చునప్పటికి నాకు నోరు పెగలలేదు. వేదిక దిగువన అబ్బాయి తలవంచుకొని కూర్చుండియుండెను.

నిత్యము వాడుటకు పనికివచ్చునా అని కదా నీ ప్రశ్న? నిత్యము వాడుటయే దానికి మేలు. కదలక నిలిచిన కారున బ్యాటరీ చచ్చును, రబ్బరు బీటలు వారును. వల్లె వేయని పన్నము మరపునకు వచ్చునట్లే అనుకొనుము. సొంత కారుకు పదునైదేండ్ల పిమ్మట యోగ్యతా పరీక్ష జరిపించి అయిదేండ్లకొకమారు రిజిస్ట్రేషను పొడిగించుకొనవలెను. ఆ కాగితము సరిగానున్నదో లేదో చూడుము. పైరంగు మెఱపు చూచి మురియవద్దు. ఋతుపర్ణుడు బక్కచిక్కినవని శంకించిన గుఱ్ఱములనే నలుడు లక్షణములు చూచి ఎంచుకొనెను. వెనుకటి మరమ్మతు కాగితములు అడుగుము, ఇంజను నంబరు సరిచూడుము. నలుగురిలో గొప్ప కొరకే అయినచో, నెల జీతములో మిగులేమియు లేనిచో, మీ అమ్మగారి మాటయే వినుము.

ఆదివారము ఆ కారును ఇక్కడికే తెచ్చి చూపెదనన్నాడు. మా అబ్బాయి వచ్చి క్రింద మీద చూడగలడు. నేను మాత్రము లోపల కూర్చుండి ఆ ముల్లును చూచెదను.

స్వస్తి.