పాత బ్యాటరీ ఎవరి చేతికి ఇవ్వాలి?

(ఖమ్మం - భద్రాచలం అటవీ సరిహద్దు గ్రామాల పాల సంఘాల సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పొగలేని బండ్లు, వాటికి సంబంధించిన చట్టాల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. పాల సంఘానికి దీనితో పనేమిటని కొందరికి అనిపించవచ్చును. పని ఉన్నది. సంఘంలో పాల పరీక్ష యంత్రానికి బ్యాటరీ, ట్రాక్టరుకు బ్యాటరీ, అడవి పందులకు అడ్డంగా వేసిన సోలారు కంచెకు బ్యాటరీ. ఇప్పుడు ఆటోలు, స్కూటర్లు కూడా బ్యాటరీ మీదనే నడుస్తున్నవి. కొన్నేళ్ళకు ఇవన్నీ పాతబడవలసినవే. ఆ తరువాత?

తనిఖీకి వెళ్ళినప్పుడు డెడ్ స్టాక్ రిజిస్టరులో బ్యాటరీ కనబడుతుంది, గదిలో కనబడదు. అడిగితే "పాత సామాన్లవాడు పట్టుకుపోయాడండీ" అంటారు. ఎంతకు ఇచ్చారో మినిట్స్ పుస్తకంలో ఉండదు. డబ్బు లెక్క ఒక ఎత్తు, అసలు ప్రమాదం మరొక ఎత్తు. మామూలు ట్రాక్టరు బ్యాటరీ బరువులో సగానికి మించి సీసమే. లైసెన్సు లేని చోట దానిని పగులగొట్టి, యాసిడ్ నేల మీద పారబోసి, పలకలను బహిరంగంగా కరిగిస్తారు. ఆ పొగలోని సీసం చుట్టుపక్కల గడ్డి మీద, చెరువు మీద పడుతుంది.

పశువుకు కనబడినదల్లా నాకి చూసే అలవాటు ఉన్నది. పశువులకు సీసం విషమెక్కడానికి పారేసిన బ్యాటరీలే ముఖ్య కారణాలలో ఒకటి. దూడలు ఇంకా తొందరగా దెబ్బతింటవి. చూపు పోవడం, పళ్ళు కొరకడం, గోడకు తల ఆనించి నిలబడడం, మూర్ఛలు దీని లక్షణాలు. బతికిన పశువు పాలలోకి సీసం దిగుతుంది. కాచినా పోదు. మన లాక్టోమీటరుకు అందదు, వెన్న పరీక్షకూ అందదు. ఆహార భద్రతా నిబంధనల ప్రకారం కిలో పాలలో సీసం 0.02 మిల్లీగ్రాములు మించరాదు, అంటే మిల్లీగ్రాములో యాభయ్యో వంతు. పాలన్నీ ఒకే ట్యాంకులో కలుస్తవి కనుక, ఒక కొట్టంలోని నిర్లక్ష్యం అందరి పాల మీదికీ వస్తుంది.

చట్టం కొత్తదేమీ కాదు. సీసం బ్యాటరీలను డీలరు వెనక్కు తీసుకోవాలని 2001 నిబంధనలే చెప్పినవి. వాటి స్థానంలో 2022 ఆగస్టులో బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనలు వచ్చినవి. లిథియం బ్యాటరీలు, విద్యుత్ బండ్ల బ్యాటరీలు సహా అన్ని రకాలూ వీటి కిందికి వచ్చినవి. తయారీదారు పాత బ్యాటరీలను సేకరింపజేసి శుద్ధి చేయించాలి. వాటిని పూడ్చరాదు, కాల్చరాదు. ఉల్లంఘించినవారు పర్యావరణ నష్టపరిహారం కట్టాలి. వాడేవారికీ బాధ్యత పెట్టినారు: ఇంటి చెత్తలో కలపరాదు, సేకరణ లేదా శుద్ధి చేసే సంస్థకు అప్పగించాలి. ఈ మాట మన ఊళ్ళలో చాలా మందికి చేరలేదు.

హైడ్రోజన్ సంగతి కూడా అడిగారు. ఆ పేరు మన ప్రాంతానికి కొత్త కాదు. అశ్వాపురం దగ్గరి భారజల కర్మాగారం గోదావరి నీటి నుంచి తీసేది బరువైన హైడ్రోజన్ కలిసిన నీళ్ళే. బండ్లకు వాడేది మామూలు హైడ్రోజన్. 2030 నాటికి ఏటా 50 లక్షల టన్నుల హరిత హైడ్రోజన్ తయారు కావాలని కేంద్రం 2023లో పథకం ప్రకటించింది. కిలో హైడ్రోజన్‌కు రెండు కిలోలకు మించి బొగ్గుపులుసు వాయువు వెలువడితే దానిని హరితం అనరాదని అదే ఏడు నిర్ణయించింది. మణుగూరు బొగ్గు కాల్చిన కరెంటుతో నీటిని విడగొడితే ఆ పేరు చెల్లదన్న మాట. ఈ వాయువును విపరీతమైన ఒత్తిడిలో సిలిండర్లలో నింపాలి. దానికి 2016 గ్యాసు సిలిండర్ల నిబంధనలు, లైసెన్సులు వేరే ఉన్నవి. మన పాల బండికి అది రావడానికి ఇంకా కాలం పడుతుందని మా అభిప్రాయం.

ముందు చేతిలో ఉన్న పని చూద్దాము. పాత బ్యాటరీని గొడ్ల కొట్టానికి దూరంగా, కప్పు కింద, చెక్క మీద నిలువుగా ఉంచండి. కొత్తది కొనేటప్పుడు డీలరుకే పాతది ఇచ్చి, ధర తగ్గించుకొని రసీదు తీసుకోండి. పాల క్యాన్ల బండిలో మాత్రం ఎక్కించవద్దు. ఉబ్బిన లిథియం బ్యాటరీకి మేకు గుచ్చితే మంటే. సంఘం బ్యాటరీ అయితే తీర్మానం చేసి, రసీదు నంబరును రిజిస్టరులో ఎక్కించాలి. తీర్మానం నమూనా తెచ్చినాము, కార్యదర్శులు భోజనాల ముందే రాసుకొనవచ్చును.