జీలుగు కల్లు – స్కాచ్ విస్కీ

సింగిల్ మాల్ట్ స్కాచ్ గురించి చెప్పమన్నారు. మొలకెత్తించిన బార్లీతో ఒకే బట్టీలో కాచి, ఓక్ పీపాల్లో కనీసం 3 ఏళ్ళు ఉంచుతారు.

మన కృష్ణదేవిపేట మన్యంలోని జీలుగు కల్లుకు అంత ఓపిక లేదు. తెల్లారి దింపితే తీపి, ఎండెక్కితే పులుపు, ఆపైన ఘాటు. తాటికల్లూ అంతే గాని, కమ్మదనం జీలుగుదేనంటాను. కుండకు సున్నం పూస్తే పులవదు, అది నీరా.

ఈ కల్లు మీద పన్ను, మన్సబుదారు వసూళ్ళు భరించలేకే 1879లో రంప తిరగబడింది. 1922 ఆగస్టులో ఇక్కడి పోలీసు స్టేషను మీద పడి తుపాకులు పట్టుకెళ్ళిన అల్లూరి సీతారామరాజు మాత్రం గిరిజనులను తాగుడు మానమన్నారు. ఆయన సమాధి ఈ ఊళ్ళోనే ఉంది కదా, అందుకే రుచులు చెప్పానే గాని, సీసా తేలేదు.