కడుపుతో ఉన్నప్పుడు బి.పి.



జ్వరం వస్తే ఒళ్ళు కాలుతుంది. ముల్లు గుచ్చుకుంటే నొప్పి పుడుతుంది. బి.పి. అలా కాదు. అది పెరిగినా చాలామందికి మొదట్లో ఏమీ తెలియదు. ఆకలి వేస్తుంది, నిద్ర పడుతుంది. "నాకేం, బాగానే ఉన్నాను" అనుకుంటారు. కడుపుతో ఉన్న మనిషికి అక్కడే ప్రమాదం ఉంది.

బి.పి. అంటే ఏమిటి?

పొలంలో మోటారు వేస్తే పైపులో నీళ్ళు పారతాయి. పారే నీళ్ళు పైపు గోడను నెడతాయి. గుండె కూడా ఒక మోటారు లాంటిదే. అది నెట్టిన రక్తం రక్తనాళాల గోడల మీద ఒత్తిడి పెడుతుంది. ఆ ఒత్తిడే రక్తపోటు. అదే బి.పి.

నర్సమ్మ చేతికి పట్టీ చుట్టి బి.పి. చూస్తుంది. కార్డు మీద 110/70 అనో, 120/80 అనో రాస్తుంది. పై అంకె గుండె ముడుచుకున్నప్పటి ఒత్తిడి. కింది అంకె గుండె వదులైనప్పటి ఒత్తిడి.

పై అంకె 140కి చేరినా, కింది అంకె 90కి చేరినా బి.పి. ఎక్కువే. రెండూ పెరగాలని లేదు. ఒకటి పెరిగినా చాలు. కొన్ని గంటలు ఆగి మళ్ళీ చూపించుకోవాలి. పైది 160 అయినా, కిందిది 110 అయినా ఇక ఆగకూడదు. వెంటనే పెద్దాసుపత్రికి వెళ్ళాలి.

ఎందుకు వస్తుంది?

కొందరికి బి.పి. ముందునుంచే ఉంటుంది. కొందరికి ఐదో నెల దాటాక కొత్తగా వస్తుంది. కడుపులో బిడ్డకు ఆహారం అందించేది మాయ. మాయకు రక్తం సరిగా అందకపోతే ఈ జబ్బు మొదలవుతుంది. బిడ్డ సరిగా ఎదగదు. తల్లి మూత్రపిండాలు, కాలేయం, మెదడు దెబ్బతినవచ్చు. మూత్రంలో ప్రొటీన్ పోతుంది. మూత్రం పరీక్ష చేసేది అందుకే.

తొలిచూలు వారికి, మరీ చిన్న వయసు వారికి, 35 ఏళ్ళు దాటినవారికి, కవలలు ఉన్నవారికి, షుగరు ఉన్నవారికి, కిందటి కాన్పులో బి.పి. వచ్చినవారికి భయం ఎక్కువ. ఇది తల్లి చేసిన తప్పు కాదు. ఎవరి దిష్టీ కాదు.

ఒక ఇంటి సంగతి

ఒక ఇల్లు అనుకోండి. కోడలికి ఎనిమిదో నెల. ముఖం ఉబ్బింది. "నీరు పట్టిందిలే, కాన్పయితే అదే పోతుంది" అంది అత్త. తలనొప్పి మొదలైంది. అమృతాంజనం రాసుకుని పడుకుంది. మర్నాడు కళ్ళు మసకలు కమ్మాయి. నీరసం అనుకున్నారు. ఆ రాత్రి ఫిట్స్ వచ్చాయి. గాలి సోకిందని భూతవైద్యుడి కోసం మనిషిని పంపారు.

అది గాలి కాదు. పెద్దవాళ్ళు గుర్రపు వాతం అనేది దీన్నే. బి.పి. పెరగటం వల్లే వస్తుంది. తల్లినీ బిడ్డనూ తీసుకుపోగలదు.

ఆమె కార్డు ట్రంకుపెట్టెలో ఉంది. దాని మీద కిందటి నెలలోనే 144/94 అని రాసి ఉంది. వారంలో మళ్ళీ రమ్మంది నర్సమ్మ. నాట్ల రోజులు కదా, ఎవరికీ తీరిక లేకపోయింది. కార్డు తీసి చదివినవాళ్ళు లేరు.

ఇవి కనిపిస్తే ఆగవద్దు

తగ్గని తలనొప్పి. కళ్ళు మసకలు కమ్మటం. ముఖం, చేతులు ఉబ్బటం. డొక్కల కింద, పై కడుపులో నొప్పి. మూత్రం తగ్గిపోవటం. బిడ్డ కదలిక తగ్గటం. ఇందులో ఏ ఒక్కటి ఉన్నా అర్ధరాత్రయినా సరే ఆసుపత్రికి వెళ్ళాలి.

ఫిట్స్ వస్తే ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో నీళ్ళు పొయ్యవద్దు. చేతిలో తాళాలు పెట్టవద్దు. 108కి ఫోను చెయ్యండి. ఆసుపత్రిలో మెగ్నీషియం సల్ఫేట్ ఇంజెక్షన్ ఇస్తారు. ఫిట్స్ ఆపే మందు అదే.

ఏం చెయ్యాలి?

నెల తప్పగానే పేరు రాయించుకోవాలి. కాన్పులోగా కనీసం నాలుగుసార్లు పరీక్ష చేయించుకోవాలి. ప్రతిసారీ బి.పి., మూత్రం చూడమని అడగాలి. 2016 నుంచి ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు డాక్టర్లు ఉచితంగా పరీక్ష చేస్తున్నారు.

నాలుగో నెల నుంచి కాల్షియం మాత్రలు ఇస్తారు. ఈ జబ్బు రాకుండా అవి సాయపడతాయి. ఐరన్ మాత్రతో కలిపి ఒకేసారి వేసుకోవద్దు. ఒళ్ళు ఉబ్బిందని నీళ్ళు మానవద్దు, కడుపు మాడ్చుకోవద్దు. బి.పి. తగ్గిందని మాత్రలు సొంతంగా ఆపవద్దు.

కాన్పయి మాయ బయటికి వస్తేనే ఈ జబ్బు తగ్గుముఖం పడుతుంది. అందుకే ఒక్కోసారి నెలలు నిండకముందే కాన్పు చెయ్యాలంటారు డాక్టర్లు. తల్లినీ బిడ్డనూ కాపాడేందుకే అలా అంటారు. కాన్పు తర్వాత కూడా ఫిట్స్ రావచ్చు. కాబట్టి బాలింతకూ బి.పి. చూపించాలి.

అమ్మల్లారా! బి.పి. ఒంటికి తెలియదు. కాని కార్డు మీద ఉంటుంది. మీకిప్పుడు అంకెలు వచ్చు. ఇంట్లో కూతురో కోడలో కడుపుతో ఉంటే కార్డు పెట్టెలోంచి తియ్యండి. పై అంకె చూడండి, కింది అంకె చూడండి. 140, 90 గుర్తుంచుకోండి. నేర్చుకున్న అంకెలు ఒక ప్రాణాన్ని కాపాడితే అంతకు మించిన చదువు ఏముంది?