నోట్ల కట్టే ముద్దాయి అయినప్పుడు

(మైనారిటీల పౌరహక్కులపై జరిగిన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



అమెరికాలో ఒక ఫెడరల్ అప్పీలు న్యాయస్థానం 2006లో తీర్పు చెప్పిన వ్యాజ్యం పేరు వినండి: ‘యునైటెడ్ స్టేట్స్ వర్సెస్ 1,24,700 డాలర్ల నగదు’. ఇందులో ప్రతివాది మనిషి కాదు, నగదు. నెబ్రాస్కా రాష్ట్రంలో రహదారిపై వేగంగా వెళుతున్నాడని పోలీసులు ఒక అద్దె కారును ఆపారు. నడుపుతున్న వ్యక్తికి ఇంగ్లీషు అంతంత మాత్రమే వచ్చు. కారులోని ఐస్ పెట్టెలో డబ్బు కనిపించింది. మాదకద్రవ్యాలేవీ దొరకలేదు. పోలీసు కుక్క మాత్రం నోట్లను వాసన చూసి సైగ చేసింది. శీతల లారీ కొనడానికి కొందరం కలిసి కూడబెట్టిన సొమ్ము అని అతడు చెప్పుకున్నాడు. తన దగ్గర డబ్బు లేదని మొదట అబద్ధమాడిన మాటా నిజమే. పోలీసుల ఎదుట భయపడినవాడు ఏం మాట్లాడతాడో మనకు తెలియనిది కాదు. కింది కోర్టు అతని వాదనను అంగీకరించింది. పై కోర్టులో ముగ్గురు న్యాయమూర్తులలో ఇద్దరు ప్రభుత్వ పక్షం వహించారు. సొమ్ము ప్రభుత్వపరమైంది.

ఎక్కడో నెబ్రాస్కా సంగతి మనకెందుకని కొందరు అడగవచ్చు. మన ఇళ్ళ బిడ్డలు చికాగోలో, హ్యూస్టన్‌లో, డల్లాస్‌లో ట్యాక్సీలు నడుపుతున్నారు, పెట్రోలు బంకుల్లో, చిన్న దుకాణాల్లో పనిచేస్తున్నారు. ఇక్కడ మనం కూడా చాలావరకు నగదుతోనే బతుకుతున్నాం. వడ్డీకి దూరంగా ఉండాలని కొందరు, బ్యాంకు వాకిలి తొక్కడానికి జంకి మరికొందరు హజ్ సొమ్మునూ, కూతురి పెళ్ళి సొమ్మునూ బీరువాలో దాచుకుంటారు. నగదు ఉండటమే అనుమానానికి కారణమైతే, ఆ అనుమానం ముందుగా ఎవరి గుమ్మం తడుతుందో వేరే చెప్పనక్కరలేదు.

ఈ పద్ధతిని అక్కడ సివిల్ ఫార్ఫీచర్ అంటారు. యజమాని సముద్రాల అవతల ఉండి దొరకనప్పుడు అతని ఓడ మీదనే దావా వేసే పాత నౌకా చట్టం దీనికి మూలం. మనిషిని శిక్షించాలంటే సందేహానికి తావులేని రుజువు కావాలి. వస్తువును జప్తు చేయడానికి అంత అవసరం లేదు. 1984 చట్టం దీనికి కోరలు తొడిగింది. స్థానిక పోలీసులు పట్టిన సొమ్మును కేంద్ర సంస్థకు అప్పగిస్తే, అందులో 80 శాతం వరకు తిరిగి వారి శాఖకే చేరుతుంది. పట్టుకున్నవాడికే వాటా దక్కే చోట నిష్పక్షపాతాన్ని ఎలా ఆశించగలం?

2000లో వచ్చిన సంస్కరణ చట్టం రుజువు భారాన్ని ప్రభుత్వంపై ఉంచింది. కానీ అసలు కష్టం అంతకు ముందే మొదలవుతుంది. ఇంటికి ఒక నోటీసు వస్తుంది. అందులో పేర్కొన్న తేదీలోగా, అంటే సాధారణంగా 35 రోజుల్లో, సొమ్ము తమదని లిఖితపూర్వకంగా దావా చేయాలి. చేయకపోతే న్యాయమూర్తి ముఖం చూడకుండానే అది పోతుంది. నివాసముంటున్న ఇంటిని జప్తు చేసే సందర్భంలో తప్ప పేదవాడికి ప్రభుత్వం వకీలును ఇచ్చే హక్కు లేదు. పోయింది మూడు వేల డాలర్లు, వకీలు రుసుము అంతకు మించి అయినప్పుడు ఎవరు పోరాడతారు? మాదకద్రవ్యాల నిరోధక సంస్థ 2007 నుంచి పదేళ్ళలో పట్టిన నగదు 400 కోట్ల డాలర్లకు పైమాటేననీ, అందులో దాదాపు 320 కోట్లు కోర్టు గడప తొక్కకుండానే జప్తయిందనీ అమెరికా న్యాయశాఖ తనిఖీ విభాగమే 2017లో తేల్చింది.

టెక్సాస్‌లో టెనహా అనే చిన్న ఊరు ఉంది. ఆ దారిన వెళ్ళే నల్లజాతి, లాటినో ప్రయాణికులను ఎంచి ఆపేవారనీ, డబ్బు వదులుకుంటున్నట్టు సంతకం పెట్టకపోతే కేసు పెడతామని బెదిరించేవారనీ బాధితులు 2008లో దావా వేశారు. 2012లో రాజీ కుదిరింది. వాహనాలను ఆపిన ప్రతిసారీ వీడియో తీయడం అందులో ఒక షరతు. ఈ జప్తుల భారం పేదల మీద, తమను తాము కాపాడుకోలేని వర్గాల మీద పడుతున్నదని సుప్రీంకోర్టు న్యాయమూర్తి క్లారెన్స్ థామస్ 2017లో రాశారు. ఆయన ఉదారవాది కాదు, అందుకే ఆ మాటకు మేము ఎక్కువ విలువ ఇస్తాం. న్యూ మెక్సికో 2015లోనే ఈ పద్ధతిని రద్దు చేసింది. అయితే 2024లో అదే సుప్రీంకోర్టు, వాహనం పట్టుకున్నాక దాన్ని అట్టిపెట్టుకోవచ్చా అని తేల్చే ప్రత్యేక ప్రాథమిక విచారణ అవసరం లేదని 6-3తో తీర్పు చెప్పింది. అక్కడ ఉన్న మీ పిల్లలకు ఒక్క మాట చెప్పండి: రోడ్డు మీద ఏ కాగితం మీదా సంతకం పెట్టవద్దు, రసీదు అడగాలి, నోటీసు అందిన రోజే వకీలును కలవాలి.

ఇక మన చెక్‌పోస్టుల సంగతి. మన దగ్గర చట్టం వేరు, కానీ రోడ్డు మీద నిలబడ్డవాడి స్థితి ఒకటే. 2024 ఎన్నికల వేళ ఒక మేకల వ్యాపారి మా దగ్గరకు వచ్చాడు. బక్రీద్‌కు ముందు సంతలో కొనుగోలు కోసం 2,40,000 రూపాయలు తీసుకువెళుతుండగా రాష్ట్ర సరిహద్దులో పట్టుకున్నారు. సంతలో మేకలు అమ్మే రైతు అతనికి బిల్లు ఎక్కడ ఇస్తాడు? ఎన్నికల సంఘం నిబంధన ప్రకారం 50,000 పరిమితి అభ్యర్థి, ఆయన ఏజెంటు లేదా పార్టీ కార్యకర్త ప్రయాణించే వాహనానికి సంబంధించినది. ఆ సంగతి అతనికి తెలియదు. ఎవరికి అప్పీలు చేసుకోవాలో జప్తు పత్రంలోనే రాయాలి, నోటితోనూ చెప్పాలి. అతనికి ఇచ్చిన కాగితంలో అది లేదు.

ప్రతి జిల్లాలో ముగ్గురు అధికారుల ఫిర్యాదుల కమిటీ ఉంటుంది. అభ్యర్థితో గానీ పార్టీతో గానీ సంబంధం లేదని, కేసు నమోదు కాలేదని తేలితే సొమ్మును వెంటనే విడుదల చేయాలి. కేసు లేకుండా పోలింగు తర్వాత ఏడు రోజులకు మించి అట్టిపెట్టకూడదు. 10 లక్షలు దాటితే ఆదాయపు పన్ను అధికారికి కూడా తెలియజేస్తారు. మేము రాసిచ్చిన దరఖాస్తుతో అతని సొమ్ము తిరిగి వచ్చింది. “డబ్బు ఇచ్చారు సాబ్, కానీ అప్పటికి మంచి సరుకంతా అమ్ముడుపోయింది” అన్నాడు. ఎన్నికల్లో డబ్బు పంపకాన్ని అరికట్టవద్దని మేము అనడం లేదు. ఓటును కొనేవాడు పేదవాడికే ఎక్కువ ద్రోహం చేస్తాడు. తనిఖీ చేయండి, కాగితం ఇవ్వండి, గడువులోగా తేల్చండి అంటున్నాం.

మనవైపు లోపమూ ఉంది. అప్పు ఇచ్చిపుచ్చుకుంటే రాసిపెట్టుకోమని ఆదేశించిన ధర్మం మనది. అయినా మన దుకాణాల్లో ఎన్నింట్లో రోజువారీ లెక్క పుస్తకం ఉంది? ఆ వ్యాపారి దగ్గర పాత కొనుగోళ్ళు రాసుకున్న ఒక చిన్న డైరీ ఉండబట్టే కమిటీ ముందు అతని మాట నిలిచింది.

కమిటీకి ఇవ్వవలసిన దరఖాస్తు నమూనా తెలుగులోను, ఉర్దూలోను బయట బల్ల మీద ఉంచాం. రెండేసి ప్రతులు తీసుకువెళ్ళండి. ఒకటి మీకు, ఒకటి మీ వీధి దుకాణదారుకు.